మా ఐసీయూ కిడ్నీ డేటా అందరికీ ఇచ్చాం, అదెలా జరిగిందో రాస్తున్నా

మెడికల్ రీసెర్చ్‌లో డేటా అందరితో పంచుకోవాలి అని చెప్పేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, సంతోషం, కానీ నిజంగా కూర్చుని పేషెంట్ల డేటా బయటికి ఇచ్చేటప్పుడు ఏమేం చేయాల్సొస్తుందో వివరంగా రాసినవాళ్ళు నాకైతే పెద్దగా కనపడలేదు. మేం ఈమధ్యే ఆ పని పూర్తిచేశాం. ఐసీయూలో ఉన్న పేషెంట్లకి ఉన్నట్టుండి కిడ్నీలు దెబ్బతింటాయి చూడండి, అక్యూట్ కిడ్నీ ఇంజురీ అంటాం, దాని మీద మా టీమ్ ఏళ్ళ తరబడి పోగేసిన డేటా ఇప్పుడు ఏ దేశంలో ఉన్న రీసెర్చర్ అయినా అప్లై చేసుకుని తీసుకోవచ్చు. నాకు ఇందులో బాగా తెలిసొచ్చింది ఏంటంటే, ఫైల్ అప్‌లోడ్ చేయడానికి ఒక పూట చాలు, కానీ మనమెవరో కూడా తెలియని మనిషి ఆ ఫైల్ తెరిచి, మనకి ఫోన్ చేయకుండా, తప్పుదారి పట్టకుండా వాడుకోగలగాలంటే నెలలు పడుతుంది, రీసెర్చ్ స్పీడు పెరిగేదీ పెరగనిదీ ఆ నెలల పని మీదే ఉంటుంది.

నాకు ఈ పట్టుదల ఎక్కడ మొదలైందంటే, మేం ఒక ప్రిడిక్షన్ మోడల్ తయారుచేశాం, ఏ పేషెంట్‌కి రేపో ఎల్లుండో డయాలిసిస్ అవసరం పడొచ్చో ముందే చెప్పేలాంటిది. మా పేషెంట్ల మీద బాగానే పనిచేసింది, అదేం గొప్ప కాదు, ఏ డేటాతో తయారుచేశామో దాని మీదే పనిచేయకపోతే ఇంకెక్కడ చేస్తుంది. వేరే హాస్పిటల్ పేషెంట్ల మీద ఎలా ఉంటుందో చూడాలి కదా. అదే టాపిక్ మీద వచ్చిన పేపర్లు తీస్తే చాలావాటి చివర్లో ఒక లైన్ ఉంది, తగిన కారణం చూపించి అడిగితే డేటా ఇస్తాం అని. సరే అని వరసగా మెయిళ్ళు పెట్టా. కొందరు అసలు జవాబే ఇవ్వలేదు, ఒకరు ఆ డేటా చూసుకున్న స్టూడెంట్ ఉద్యోగం మారిపోయాడు ఇప్పుడు అదెక్కడుందో మాకూ తెలీదన్నారు, ఇంకొకరు మా కమిటీ ఒప్పుకోదన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, ఎందుకంటే ఇది మనుషుల మంచిచెడ్డల వ్యవహారం కాదని తర్వాత అర్థమైంది. 2022లో ఒక స్టడీ వచ్చింది, ఇలా అడిగితే ఇస్తాం అని రాసిన 1,792 పేపర్ల ఆథర్లకి నిజంగానే మెయిల్ పెట్టి అడిగారు, ఇచ్చింది 122 మంది, అంటే 6.8 శాతం, మిగతా వాళ్ళు కుదరదన్నారు లేదా పలకలేదు. అంతకుముందు 2014లో ఇంకో టీమ్ 516 పేపర్లు తీసుకుని చూస్తే, పేపర్ వయసు ఒక్కో ఏడాది పెరిగే కొద్దీ దాని డేటా ఇంకా బతికుండే అవకాశం 17 శాతం చొప్పున తగ్గుతూ పోయింది. అంటే దాచుకున్న డేటా దాచుకున్నచోట కూడా ఉండదు. పేషెంట్లు రక్తం ఇచ్చి, ఓపిక చేసుకుని ఫారాలు నింపి ఇచ్చిన డేటా అది, ఎవరో మారేసిన ల్యాప్‌టాప్‌తో పాటు పోతుంది.

చివరికి నన్ను ఆదుకుంది మిమిక్. బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ హాస్పిటల్ ఐసీయూ డేటా అది, ఎంఐటీ వాళ్ళు కలిసి చేశారు, మిమిక్-త్రీ అనే వెర్షన్ 2016లో పేపర్‌గా వచ్చింది, 2001 నుంచి 2012 దాకా నలభై వేలకి పైగా పేషెంట్లు. దాన్ని పంచే ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో అకౌంట్ తీసుకుని, మనుషుల డేటాతో ఎలా మెలగాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి, ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చేయను, ఇంకెవరికీ ఇవ్వను అని అగ్రిమెంట్ మీద సంతకం పెడితే డేటా చేతికొచ్చింది. ఎవర్నీ బతిమాలింది లేదు. ఫైల్ తెరిచి వయసులు చూస్తే కొందరికి మూడొందల ఏళ్ళు! మొదటిసారి చూసే ఎవరైనా ఉలిక్కిపడతారు. కానీ పక్కనే డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసుంది, 89 దాటినవాళ్ళు తక్కువమంది కాబట్టి గుర్తుపట్టకుండా వాళ్ళ పుట్టిన తేదీ కావాలనే అలా జరిపాం అని. ఆ రెండు వాక్యాలు లేకపోతే నేను అవి చెత్త విలువలు అనుకుని తీసిపారేసేవాణ్ణి, పెద్దవయసు పేషెంట్లందరూ నా లెక్కలోంచి పోయేవాళ్ళు. ఆ రోజే అనుకున్నా, మన డేటా ఇస్తే ఇలా ఇవ్వాలి అని.

ఇక మా హెడ్ సర్‌ని ఒప్పించడం. సర్ చెడ్డవారేం కాదు, ఈ డేటా మొదలుపెట్టిందే ఆయన, రాత్రిళ్ళు ఐసీయూలో నిలబడి ఫారాలు చెక్ చేసిన మనిషి. నేను చెప్పింది మొత్తం విని ఒకటే మాట అన్నారు, “ఇన్నేళ్ళు మనం చచ్చీచెడీ కలెక్ట్ చేస్తే ఎవరో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని పేపర్ రాసేసుకుంటారా?” అని. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 2016 జనవరిలో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఎడిటోరియల్‌లోనే, ఇలా ఇతరుల డేటా వాడుకునేవాళ్ళని కొందరు రీసెర్చ్ పారసైట్లు, అంటే పరాన్నజీవులు, అంటున్నారని రాశారు, పెద్ద గొడవే అయింది దాని మీద. అంటే మా సర్ ఒక్కరిదే కాదు ఆ భయం, ఆ స్థాయిలో ఉన్నవాళ్ళందరిదీ. నేను వాదించకుండా అడిగా, సర్ మన లిస్టులో ఉన్న పేపర్లు ఏవేవి, అవి రాయడానికి ఎంత టైం కావాలి అని. ఆయనే కాయితం మీద రాశారు. అందులో రెండు ముఖ్యమైనవి ముందు మేం రాసేసుకుని, ఆ తర్వాత ఏడాదికి డేటా తెరవాలి అని మాటనుకున్నాం. మిగతా ఐడియాలు ఉన్నాయే, అవి ఆ కాయితం మీద చాలాకాలంగా ఉన్నవే, మా దగ్గర వాటిని చేసే మనుషులూ లేరు, స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళ టైమూ లేదు. అది ఆయనే చూసుకుని, “ఇవి ఎవరు చేస్తే ఏంటిలే, జరగాలి కదా” అన్నారు. నాకు ఆ మాట చాలు.

సర్ పూర్తిగా మెత్తబడింది మాత్రం కోవిడ్ సంగతి మాట్లాడుకున్నాక. 2020 జనవరి 11న వైరస్ జీనోమ్ సీక్వెన్స్, అంటే దాని జన్యు అక్షరాల వరస, నెట్‌లో అందరికీ పెట్టేశారు, జనవరి 13 కల్లా మోడెర్నా వాళ్ళు, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ సైంటిస్టులు కలిసి వ్యాక్సిన్‌లో పెట్టే సీక్వెన్స్ ఖరారు చేసుకున్నారు, మార్చి 16న మొదటి వాలంటీర్‌కి డోసు పడింది. వాళ్ళ చేతికి వైరస్ శాంపిల్ వచ్చేదాకా ఆగలేదు, అక్షరాలు చాలు. దీనికి దారి వేసింది కూడా ముందు తరంవాళ్ళే, 1996లో హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్ట్ వాళ్ళు బెర్ముడాలో కూర్చుని, సీక్వెన్స్ చేసింది 24 గంటల్లోపు పబ్లిక్‌లో పెట్టేయాలి అని మాటనుకున్నారు, అప్పట్లో అది ఎవరూ ఊహించని నిర్ణయం. అదే 2020లో దీనికి రివర్స్‌లో ఇంకోటి జరిగింది. కోవిడ్‌కి వాడిచూస్తున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు మీద మే 22న లాన్సెట్ జర్నల్‌లో పెద్ద పేపర్, 96 వేల మంది పేషెంట్లు, 671 హాస్పిటళ్ళు అన్నారు, డబ్ల్యూహెచ్‌వో తన ట్రయల్‌లో ఆ మందు ఇవ్వడం కొన్నాళ్ళు ఆపేసింది కూడా. డేటా చూపించండి అని అందరూ అడిగితే దాన్ని సమకూర్చిన సర్జిస్ఫియర్ అనే కంపెనీ బయటి ఆడిటర్లకి ఇవ్వలేదు, జూన్ 4న పేపర్ వెనక్కి తీసుకున్నారు. సర్ అది విని, మన డేటా తెరిచి ఉంటే రేపు మన పేపర్ని ఎవరూ వేలెత్తి చూపలేరు అన్నమాట అన్నారు. అవును సర్, అదే అన్నా.

ఎథిక్స్ కమిటీ దగ్గర కథ వేరు. అక్కడ మొదట ఆగింది మా పాత కన్సెంట్ ఫారంలో ఉన్న ఒక్క వాక్యం దగ్గర, “మీ వివరాలు ఈ పరిశోధన బృందం తప్ప ఇతరులెవ్వరూ చూడరు” అని. పేషెంట్‌కి ధైర్యం చెప్పడానికి మంచి ఉద్దేశంతోనే రాశారు, ఆ రోజుల్లో అందరూ అలానే రాసేవాళ్ళు. కానీ మాటిచ్చాక ఇచ్చినట్టే. పేర్లు తీసేస్తే అది వాళ్ళ వివరం కిందికి రాదు కదా అని వాదించొచ్చు, అలా వాదించేవాళ్ళు ఉన్నారు కూడా, నాకది నచ్చలేదు, కమిటీలో ఉన్న లాయర్‌కీ నచ్చలేదు. చివరికి ఆ ఫారం మీద సంతకం పెట్టినవాళ్ళలో మళ్ళీ కాంటాక్ట్ చేయగలిగినవాళ్ళని అడిగాం, మిగతావాళ్ళని పబ్లిక్ వెర్షన్‌లోంచి తీసేశాం. డేటా బాగానే తగ్గింది, బాధేసింది, అయినా అదే కరెక్ట్. మళ్ళీ అడిగినప్పుడు నేను అస్సలు ఊహించని విషయం, దాదాపు అందరూ సరే అన్నారు, ఒకావిడైతే తన భర్త ఐసీయూలో పోయాడు, “ఇన్నాళ్ళూ వాడట్లేదా మరి?” అని తిరిగి నన్నే అడిగింది. వాళ్ళు ఇచ్చినప్పుడే అందరికీ ఉపయోగపడాలని ఇచ్చారు, మధ్యలో తాళం వేసింది మనమే.

కమిటీలో ఒక మేడమ్ ఉన్నారు, కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చినావిడ, ఆవిడ అడిగిన ప్రశ్నలే మాకు అన్నిటికన్నా పనికొచ్చాయి. పేరు, అడ్రస్, ఫోన్ తీసేశాం కదా అంటే ఆవిడ లతాన్యా స్వీనీ సంగతి చెప్పారు. 1990ల్లో మసాచుసెట్స్ ప్రభుత్వ ఉద్యోగుల హాస్పిటల్ రికార్డులు పేర్లు తీసేసి రీసెర్చ్‌కి ఇస్తే, అప్పట్లో స్టూడెంట్‌గా ఉన్న స్వీనీ ఓటర్ల లిస్టు కొని, జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది), పుట్టిన తేదీ, ఆడా మగా అనే మూడిటినీ పక్కపక్కన పెట్టి ఆ రాష్ట్ర గవర్నర్ విలియం వెల్డ్ రికార్డు ఏదో పట్టేసింది. ఆ మూడూ తెలిస్తే చాలు అమెరికాలో 87 శాతం మందిని విడిగా గుర్తించొచ్చని తర్వాత లెక్క కట్టింది కూడా. అప్పటినుంచి మేం పేషెంట్ల ప్రైవసీ కోసం అమెరికాలో ఉన్న హిపా రూల్‌లో తీసేయాల్సిన 18 రకాల వివరాల లిస్టు పక్కన పెట్టుకుని, అది మాకు చట్టం కాకపోయినా చెక్‌లిస్టుగా వాడి, ఆ పైన ఇంకా వెతికాం. ఫలానా అరుదైన జబ్బు, ఫలానా వయసు, ఆడమనిషి, ఈ మూడూ కలిస్తే టేబుల్ మొత్తంలో ఒకే ఒక్కరు ఉన్నారా? ఉంటే వయసుని ఐదేళ్ళ గ్రూపులు చేయడమో, జబ్బు పేరు బదులు దాని పెద్ద కేటగిరీ రాయడమో చేశాం. తేదీలు మొత్తం జరిపాం, ఒక్కో పేషెంట్‌కి ఒక్కో లెక్కన, కానీ ఒకే పేషెంట్‌కి చెందిన తేదీలన్నీ ఒకే లెక్కన, అప్పుడు చేరిన రోజుకీ డయాలిసిస్ మొదలైన రోజుకీ మధ్య దూరం మారదు. టైం మాత్రం కదిలించలేదు, తెల్లవారుజామున మూడింటికి తీసిన శాంపిల్ మూడింటిదిగానే ఉంది, దీని ఉపయోగం తర్వాత తెలిసింది, చెప్తా.

నర్సింగ్ నోట్స్ లాంటి రాత అంతా వదిలేశాం. సాఫ్ట్‌వేర్ పెట్టి పేర్లు తీసేయొచ్చు అంటారు, పేర్లు తీసేస్తుంది నిజమే, కానీ “కొడుకు పైలట్, రేపు వస్తాడట” అని రాసినదాన్ని ఏం చేస్తుంది. ఇంకో చోట అల్ట్రాసౌండ్ ఇమేజులు. ఫైల్ హెడర్‌లో ఉన్న పేరు తుడిచేయడం తేలికే, కానీ కొన్ని మెషీన్లు పేషెంట్ పేరుని బొమ్మ మీదే, కుడి మూలన, తెల్ల అక్షరాలతో అచ్చేస్తాయి, అవి పిక్సెల్స్‌లో కలిసిపోయి ఉంటాయి. శాంపిల్‌గా కొన్ని కళ్ళతో చూస్తే గానీ దొరకలేదు. అందుకే మొదటి విడతలో ఇమేజులు అసలు పెట్టలేదు. తల ఎమ్మారైలతో పనిచేసేవాళ్ళకి ఇంకా కష్టం, 2019లో మేయో క్లినిక్ టీమ్ 84 మంది వాలంటీర్ల స్కాన్ల నుంచి ముఖాలు తయారుచేసి మామూలు ఫేస్ రికగ్నిషన్ సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే 83 శాతం మందిని వాళ్ళ ఫొటోలతో కరెక్ట్‌గా కలిపింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, డేటా డిక్షనరీ. అంటే ప్రతి కాలమ్‌కీ ఇది ఏంటి, ఎలా కొలిచారు, యూనిట్ ఏంటి, ఖాళీగా ఉంటే అర్థమేంటి అని రాసే డాక్యుమెంట్. అందరూ చివర్లో హడావిడిగా చేసే పని ఇదే, నా దృష్టిలో మిగతా అన్నిటికన్నా విలువైనది ఇదే.

యూరిన్ ఔట్‌పుట్ అని మా టేబుల్లో ఒక కాలమ్ ఉంది, గంటగంటకీ ఎన్ని ఎంఎల్ అని. కొన్ని చోట్ల సున్నా ఉంటుంది, కొన్ని చోట్ల ఖాళీ. బయటివాళ్ళకి రెండూ ఒకటే అనిపిస్తాయి. సున్నా అంటే నర్స్ వెళ్ళి బ్యాగ్ చూసింది, ఒక్క చుక్క రాలేదు, కిడ్నీలు ఆగిపోతున్నాయని అర్థం. ఖాళీ అంటే ఆ గంటలో ఎవరూ కొలవలేదు, పేషెంట్‌ని స్కానింగ్‌కి తీసుకెళ్ళి ఉండొచ్చు, పక్క బెడ్‌లో ఎమర్జెన్సీ అయ్యుండొచ్చు, లేదా పేషెంట్ కోలుకుని కాథెటర్ (యూరిన్ ట్యూబ్) తీసేస్తే తనే బాత్రూంకి వెళ్తున్నాడేమో, అంటే పూర్తిగా ఉల్టా. ఖాళీ తర్వాత వచ్చే అంకె ఒక గంటది కాదు, ఆ మధ్య గంటలన్నీ కలిపి ఉంటుంది. 2012లో వచ్చిన కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ గైడ్‌లైన్ ప్రకారం బరువు కేజీకి గంటకి 0.5 ఎంఎల్ కన్నా తక్కువ యూరిన్ ఆరు గంటలపాటు వస్తే కిడ్నీ ఇంజురీ కింద లెక్క, 70 కేజీల మనిషికి గంటకి 35 ఎంఎల్ అన్నమాట. ఖాళీని సున్నా అనుకుంటే బాగున్నవాడు పేషెంట్ అయిపోతాడు, సున్నాని ఖాళీ అనుకుని వదిలేస్తే నిజంగా కిడ్నీ పోతున్నవాడు కనపడకుండా పోతాడు. ఇంకా ఉంది, బ్లాడర్ ఇరిగేషన్, అంటే మూత్రాశయాన్ని ట్యూబ్‌తో కడగడం, పెట్టిన పేషెంట్లకి మనం లోపలికి పంపిన నీళ్ళు కూడా అదే బ్యాగ్‌లోకి వస్తాయి, అది తీసేయకపోతే బ్రహ్మాండంగా యూరిన్ వస్తున్నట్టే ఉంటుంది. ఇవేవీ నాకు కంప్యూటర్ ముందు తెలియలేదు. ఐసీయూలో చాలా ఏళ్ళుగా ఉన్న ఒక సీనియర్ నర్స్ మేడమ్ పక్కన కూర్చుని, ఛార్ట్ తర్వాత ఛార్ట్ తీసి, ఇక్కడ ఇలా ఎందుకు రాశారు మేడమ్ అని అడుగుతూ పోతే తెలిశాయి. ఆవిడ పేరు డేటాసెట్ ఆథర్లలో పెట్టాం, పెట్టకపోతే అన్యాయం.

బరువు కాలమ్ కూడా అంతే. మంచం స్కేల్ మీద కొలిచింది కొన్ని, ఇంట్లోవాళ్ళు చెప్పింది కొన్ని, చూసి అంచనా వేసింది కొన్ని. కేజీకి ఇన్ని ఎంఎల్ అని భాగించే చోట ఆ తేడా చిన్నది కాదు, అందుకే బరువు ఎక్కడినుంచి వచ్చింది అని పక్కన ఇంకో కాలమ్ పెట్టాం.

క్రియాటినిన్ అని కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష ఉంది, అందులో అయితే ఒక విచిత్రమైన చిక్కు. యూనిట్ల గొడవ మామూలే, ఒక మిల్లీగ్రామ్ పర్ డెసీలీటర్ అంటే 88.4 మైక్రోమోల్ పర్ లీటర్, అది స్పష్టంగా రాస్తే సరిపోతుంది. చిక్కేంటంటే, మధ్యలో ల్యాబ్ వాళ్ళు టెస్ట్ చేసే పద్ధతి మార్చారు, జాఫే పద్ధతి నుంచి ఎంజైమ్ పద్ధతికి. జాఫేలో కామెర్లతో బిలిరుబిన్ బాగా పెరిగిన పేషెంట్‌కి క్రియాటినిన్ ఉన్నదానికన్నా తక్కువ చూపించొచ్చు, ఐసీయూలో అలాంటివాళ్ళు బోలెడుమంది. మామూలుగా అయితే ఫలానా తేదీ నుంచి పద్ధతి మారింది అని ఒక నోట్ రాస్తే పోయేది, కానీ మేం తేదీలన్నీ జరిపేశాం కదా! బయటివాళ్ళకి ఏ రీడింగ్ మార్పుకి ముందుదో ఏది తర్వాతదో తెలిసే దారే లేదు. ప్రైవసీ కోసం చేసిన పని సైన్స్‌కి కావాల్సిన సమాచారాన్ని పట్టుకుపోయింది. ఇది మా స్టాటిస్టిక్స్ కొలీగ్ గమనించింది, అసలు తేదీలు మా దగ్గరే ఉన్నాయి కాబట్టి ప్రతి రీడింగ్ పక్కన పద్ధతి పేరు రాసి ఇంకో కాలమ్ చేర్చాం. పేషెంట్ల డేటా తేదీలు జరిపి ఇచ్చే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదే, జరిపే ముందు కూర్చుని ఆలోచించండి, మెషీన్ మారడం, ప్రోటోకాల్ మారడం, ఫారం మారడం, క్యాలెండర్ మీద ఆధారపడి అర్థమయ్యేవి ఏమేం ఉన్నాయో, అవన్నీ విడి కాలమ్స్‌గా ముందే తీసి పెట్టుకోండి.

ఇంకో చిన్న సంగతి, ఎక్సెల్ ఫైల్‌గా ఇవ్వకండి, కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైల్, సీఎస్‌వీ అంటారు, అది చాలు. జెనెటిక్స్ వాళ్ళకి ఎక్సెల్ జీన్ పేర్లని తేదీలుగా మార్చేసి ఎన్ని పేపర్లు పాడుచేసిందంటే, 2020లో ఏకంగా ఆ జీన్ల పేర్లే మార్చుకున్నారు.

ఎక్కడ పెట్టాలి అన్నది అంత కష్టం కాలేదు. పేషెంట్లతో సంబంధం లేని డేటా అయితే జెనోడో అనే వెబ్‌సైట్‌లో పెట్టేయొచ్చు, యూరప్‌లోని సెర్న్ ఫిజిక్స్ ల్యాబ్ వాళ్ళు నడుపుతున్నది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మా కోడ్, డిక్షనరీ అలానే పూర్తిగా ఓపెన్‌గా పెట్టాం. పేషెంట్ స్థాయి టేబుళ్ళు మాత్రం అప్లై చేసుకుని, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేవాళ్ళకే వచ్చే రిపాజిటరీలో. కొందరు దీన్ని ఓపెన్ అనరు, నేను అంటా, ఎందుకంటే షరతులు అందరికీ ఒకటే, ముందే రాసున్నాయి, మా సర్‌కి నచ్చితేనో నాకు మూడ్ బాగుంటేనో అన్నది ఎక్కడా లేదు. డీవోఐ అనే శాశ్వత గుర్తింపు నంబర్ వచ్చింది, అంటే ఎవరైనా పేపర్‌కి లాగానే డేటాకీ సైటేషన్ ఇవ్వొచ్చు. వెర్షన్ నంబర్ మాత్రం తప్పకుండా పెట్టండి, రేపు ఒక కాలమ్ కలిపితే పాతదాని మీద చేసినవాళ్ళ లెక్కలు ఏ వెర్షన్‌వో తెలియాలి.

తెరిచాక కొన్నాళ్ళు ఏమీ లేదు. తర్వాత మెయిళ్ళు మొదలయ్యాయి. అడిగిన ప్రశ్న రెండోసారి ఇంకొకరు అడిగితే, అది డిక్షనరీలో లేనట్టే, వెంటనే అక్కడ రాసేవాళ్ళం, అలా మెల్లిగా ప్రశ్నలు తగ్గాయి. ఒక టీమ్ మా డయాలిసిస్ మోడల్‌ని తీసుకుని మా డేటా మీదా వాళ్ళ హాస్పిటల్ డేటా మీదా నడిపి, వాళ్ళ పేషెంట్లకి అది అవసరానికి మించి డయాలిసిస్ చెప్తోందని తేల్చి, ఎక్కడ సరిచేయాలో కూడా రాసి పంపారు. నేను మెయిళ్ళు పెట్టి అడుక్కుని సాధించలేకపోయిన పని, డేటా తెరిస్తే వాళ్ళంతట వాళ్ళే చేసిపెట్టారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఇంకో దేశంలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి చేసింది. టైం కదిలించలేదని చెప్పా కదా, ఆ అమ్మాయి యూరిన్ రీడింగ్స్ ఏ గంటల్లో పడ్డాయో గీసి చూసింది. షిఫ్ట్ మారే ముందు గంటలో రీడింగ్స్ గుంపుగా ఉన్నాయి, షిఫ్ట్ మొదట్లో పల్చగా ఉన్నాయి. అది నర్సుల తప్పు కాదు, వాళ్ళ పని వరస అలాంటిది. కానీ కిడ్నీ ఇంజురీ ఎప్పుడు మొదలైంది అని మేమందరం కంప్యూటర్‌తో పట్టే గంట ఉందే, అది జబ్బు మొదలైన గంట కన్నా ఎవరో వచ్చి కొలిచిన గంట వైపుకి జరిగిపోయి ఉంటుందన్నమాట. ముందే పసిగట్టే మోడల్స్ అన్నీ ఈ గంటనే నమ్ముకుని నేర్చుకుంటాయి. ఏళ్ళుగా ఆ డేటా మా ముందే ఉంది, మాకు ఈ ప్రశ్న రాలేదు, ఎందుకంటే ఆ షిఫ్టులు మాకు గాలి పీల్చినంత మామూలు. కొత్త కళ్ళు కావాలంటే డేటా బయటికి వెళ్ళాల్సిందే. నేను ఆ మెయిల్ సర్‌కి చూపిస్తే ఆయన ఆ గ్రాఫ్ చాలాసేపు చూసి, ఆ అమ్మాయితో మాట్లాడదాం పిలవండి అన్నారు. ఇప్పుడు కలిసే పనిచేస్తున్నాం.

ఒక విషయంలో మాత్రం నాకు చాలా అసంతృప్తి ఉంది, చెప్పకుండా ఉండలేను. ఎన్‌ఐహెచ్ 2023 జనవరి 25 నుంచి గ్రాంట్ అడిగేవాళ్ళందరూ డేటా షేరింగ్ ప్లాన్ ఇవ్వాలంది, మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ 2018 జూలై నుంచి క్లినికల్ ట్రయల్ పేపర్లలో డేటా ఇస్తారా ఇవ్వరా చెప్పాలంది, మంచిదే. కానీ ప్రమోషన్ దగ్గరికొచ్చేసరికి లెక్కపెట్టేది పేపర్లే, డేటాసెట్‌ని ఎక్కడ రాయాలో ఫారంలో గడి కూడా ఉండదు చాలా చోట్ల. మా స్టాటిస్టిక్స్ కొలీగ్ ఈ పని మీద పెట్టిన నెలల్లో మామూలుగా అయితే పేపర్లు రాసుకునేవాడు. నర్స్ మేడమ్ డ్యూటీ అయ్యాక కూర్చుంది. ఇలాంటివాళ్ళ టైమ్‌కి గ్రాంట్‌లో డబ్బు విడిగా పెట్టకపోతే, వాళ్ళ పనికి పేరు రాకపోతే, అందరూ ప్లాన్ రాసి ఇస్తారు, డేటా మాత్రం డిక్షనరీ లేకుండా ఎక్కడో పడుంటుంది, పాలసీ పాటించినట్టు ఉంటుంది, ఎవరికీ పనికిరాదు.

మా కొత్త స్టడీలో ఇవన్నీ మొదట్లోనే పెట్టేశాం. కన్సెంట్ ఫారంలో రెండు విడి ప్రశ్నలు ఉన్నాయి, ఈ స్టడీలో చేరతారా అని ఒకటి, పేరు తీసేసిన మీ డేటా వేరే రీసెర్చర్లకి ఇవ్వొచ్చా అని ఇంకోటి, రెండోదానికి వద్దన్నా మొదటిదానికి ఇబ్బంది లేదని స్పష్టంగా రాశాం. కొత్త కాలమ్ ఎవరు చేర్చినా డిక్షనరీలో వివరం రాశాకే ఫారంలోకి ఎక్కుతుంది, నర్స్ మేడమ్ చూసి సరే అనాలి, గ్రాంట్‌లో ఆవిడ టైమ్‌కి డబ్బు పెట్టాం. పాత డేటాకి రెండో విడత కూడా నడుస్తోంది, అల్ట్రాసౌండ్ ఇమేజులు. బొమ్మ మీదున్న అక్షరాల్ని కనిపెట్టి నల్లగా పూసేసే ప్రోగ్రామ్ ఒకటి వాడుతున్నాం, చాలావరకు పట్టేస్తోంది గానీ కొన్ని పాత మెషీన్ల అక్షరాలు దానికి దొరకట్లేదు, అందుకని ప్రతి ఇమేజ్‌నీ ఇద్దరు విడివిడిగా కళ్ళతో చూసి ఓకే అంటేనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. నెమ్మదిగా సాగుతోంది, ఇదైపోయాక డీవోఐ కింద కొత్త వెర్షన్‌గా పెడతాం.